శుక్రవారం ఎవరిది?

మా తెలుగు సంఘానికి ఓటర్ల జాబితా ఒకటి ఉందన్న సంగతి నాకు కువైట్ వచ్చిన పదకొండో ఏట తెలిసింది. తెలిసిన రెండు నెలల్లో దాని మూలంగా మా ఇంట్లో పొయ్యి వెలగని పూటలు వచ్చాయి, నేనూ నా మొగుడూ మాట్లాడుకోని రోజులు వచ్చాయి, ఆ తర్వాత ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని ఒకే కాగితం చదివిన సాయంత్రాలు కూడా వచ్చాయి. అంత హడావిడి, అంత హుషారు నా బతుకులో మళ్ళీ ఎరగను. ఇప్పుడు తలుచుకున్నా కాళ్ళు ఒకచోట నిలవవు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మొదలైంది ఇదంతా. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి మా ఆరాధన కూడా ఆ రోజే. చర్చి కాంపౌండులో ఏడెనిమిది భాషల సంఘాలున్నాయి. పెద్ద హాలును గంటల చొప్పున పంచుకుంటాం. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా మాది. ఆ రోజు ఆశీర్వాదం అయ్యాక మా ఆయన పెంచల్ ప్రకటనలు చదవడానికి లేచాడు. ఆయన సంఘం సెక్రటరీ. వారమంతా దజీజ్‌లో మసాలా సరుకుల గోడౌన్‌కు వ్యాన్ తోలతాడు. నేనూ అదే గోడౌన్‌లో ప్యాకింగ్‌లో పనిచేస్తాను. శుక్రవారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడంటే కలెక్టరు కూడా ఆయన ముందు దిగదుడుపే.

"మట్టల ఆదివారమునకు ముందు వచ్చు శుక్రవారం మన సంఘ వార్షిక సమావేశం జరుగును. మే నెల నుండి తెలుగు ఆరాధనను శుక్రవారం ఉదయం నుండి ఆదివారం రాత్రి ఏడు గంటలకు మార్చవలెనని కమిటీ ప్రతిపాదన. దీనిపై ఆ రోజు ఓటింగ్ జరుగును" అని చదివి, గొంతు సవరించుకుని, కూర్చున్నాడు.

ముందు వరుసల్లో ఫింటాస్ కుటుంబాలు కూర్చుంటాయి. ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, కార్లున్నవాళ్ళు. వాళ్ళు నెమ్మదిగా తలలాడించారు. వెనక నాలుగు వరుసలూ ఇళ్ళలో పనిచేసే మా కడప, అన్నమయ్య జిల్లాల ఆడవాళ్ళవి. అక్కడ ఒక్క తలా కదల్లేదు. నేను పేరుకు ముందు వరుసలో, సెక్రటరీ పెళ్ళాన్ని కాబట్టి. కానీ నా చెవులెప్పుడూ వెనక వరుసలోనే ఉంటాయి.

బయట టీ దగ్గర గురమ్మక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆమెది నందలూరు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పద్దెనిమిదేళ్ళుగా వంటమనిషి. ఆ ఇంటి యజమానురాలిని ఇక్కడ అందరిలాగే 'మామా' అంటుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ దేశంలో ఎలా మసలుకోవాలో నేర్పింది ఆమే.

"ఆదివారం రేత్రి ఏడింటికి మా మామా నన్ను యాడికి పంపుతాది అమ్మీ? ఆ పొద్దు అందరికీ పనులు, ఇంటినిండా మనుషులు. నాకు వారానికి ఉండేది శుక్రవారం ఒక్క పూట. ఆ పూటలోనే పాట పాడుకునేది, ప్రభువు బల్ల తీసుకునేది, మీ మొగాలు చూసేది. అది గూడా తీసేస్తే నేను ఆ వంటింట్లోనే ఉండి చావల్ల. మార్చేటప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడగల్ల గదా?"

నాకు నిలువునా కోపం వచ్చింది. నేరుగా సంఘం వ్యవహారాలు చూసే వార్డెన్ దేవదానం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చమురు కంపెనీలో ఇంజనీరు, తెనాలి వైపు మనిషి. చెడ్డవాడని నేను చచ్చినా అనను. కరోనా రోజుల్లో జీతాల్లేక గదుల్లో పడున్నవాళ్ళకు తన కారులో బియ్యం మోసినవాడు. అయితే ఆయనకు తోచిందల్లా మంచే అని ఆయనకు గట్టి నమ్మకం.

"ఆదివారం ప్రభువు దినం కదమ్మా. ఇన్నాళ్ళూ వేరే దారిలేక శుక్రవారం సర్దుకున్నాం. పిల్లలకు సెలవు రోజున కాస్త ఇల్లూ వాకిలీ ఉండొద్దూ? అయినా నేనొక్కణ్ణే చేసేదా ఇది? ఓటుకు పెడుతున్నాం. అందరూ ఎలా అంటే అలా."

అందరూ అంటే ఎవరు? అదే అడిగాను ఇంటికొచ్చాక. ఫర్వానియాలో మాది ఒకటే గది. పెంచల్ చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలిస్తున్నాడు.

"ఓటు ఎవురికుంటాదబ్బా?"

"ఓటర్ల రోల్లో పేరుండేవాళ్ళకు."

"నా పేరుందా?"

"ఎందుకుండదు? సెక్రటరీ పెండ్లానివి" అని నవ్వుతూ సూట్‌కేసులోంచి రిజిస్టరు తీశాడు. ఇరవైమూడో నంబరు మీద వేలు పెట్టి చూపించాడు. *పెంచల్ దానియేలు మరియు భార్య.*

మొదట నవ్వొచ్చింది. పైన చూశాను, కింద చూశాను. అన్ని లైన్లూ అలాగే ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కుటుంబాల జాబితా చూసి దింపేసినట్టున్నారు. భార్యలందరం 'మరియు' తర్వాత ఉన్నాం. కువైట్‌లో ఒంటరిగా ఉంటూ ఇళ్ళలో చేసుకునే ఆడవాళ్ళయితే అసలు లేనే లేరు. గురమ్మక్క ఈ సంఘంలో పద్దెనిమిదేళ్ళుగా పాటలు ఎత్తుకుంటోంది. కాగితం మీద ఆమె లేదు.

"ఈ భార్య ఎవురు?" అన్నాను.

"నువ్వే గదమే."

"అది నీకు తెలుసు, దేవునికి తెలుసు. ఓట్లు ఎంచే ఆయనకు ఎట్ల తెలుస్తాది? రేపు నువ్వు ఇంకొకతెను తెచ్చుకున్యా ఈ లైను కొట్టేసే పని గూడా లేదు."

"గమ్మునుండు. ఇన్నేండ్లూ లేని రచ్చ ఇప్పుడెందుకు?"

గమ్మునే ఉన్నాను. ఆ పూట వంట చేయలేదు, కొన్న ఖుబ్జు రొట్టే పెరుగూ ఆయన ముందు పెట్టేశాను. ఆయన రిజిస్టరు తీసిన సూట్‌కేసులోనే అడుగున నియమావళి అని పచ్చ అట్ట పుస్తకం ఒకటి కనబడింది. మడత కూడా నలగలేదు. సెక్రటరీలు మారినప్పుడల్లా చేతులు మారిందే కానీ ఎవరూ తెరిచినట్టు లేదు.

నాది ఇంటర్ చదువు. నా ఇంగ్లీషు మసాలా ప్యాకెట్ల మీద లేబుళ్ళు చదివే ఇంగ్లీషు. ఫోనులో ఒక్కొక్క మాటా కొట్టి అర్థం చూసుకుంటూ వారం రోజులు చదివాను. చదివేకొద్దీ కళ్ళు విచ్చుకున్నాయి. ఇన్నేళ్ళూ బిషప్ గారంటే మా వైపు పెద్దరెడ్ల మాదిరి, ఆయన నోట ఏదొస్తే అదే జరుగుతుందనుకున్నాను. తీరా చూస్తే ఆయన కూడా సినడ్ అనే సభను కూర్చోబెట్టి, అన్ని దేశాల సంఘాల నుంచి వచ్చిన ప్రతినిధులను అడగాలి. ఆ ప్రతినిధిని పంపేది మాలాంటి సంఘమే. వార్డెన్లను ఎన్నుకునేదీ సంఘమే. తగువొస్తే బిషప్ గారి తరఫున ఆర్చ్‌డీకన్ అని ఒక పెద్ద గురువు వచ్చి తీర్పు చెప్తాడు. ఇక జాబితా విషయమైతే పట్టుమని నాలుగు లైన్లు. బాప్తిస్మం పొంది ఉండాలి, పదహారేళ్ళు నిండి ఉండాలి, మానకుండా ఆరాధనకు వస్తుండాలి. ఫారం మీద ఎవరికి వాళ్ళే సంతకం పెట్టి, సమావేశానికి పద్నాలుగు రోజుల ముందు సెక్రటరీకి ఇవ్వాలి. కుటుంబం అన్న మాటే అందులో లేదు.

గోడౌన్‌లో ఆ రోజు నేను ధనియాల ప్యాకెట్లకు జీలకర్ర స్టిక్కర్లు అంటించి తిట్లు తిన్నాను. అయినా సంతోషం ఆగలేదు.

కానీ క్యాలెండరు తిరగేస్తే గుండె జారింది. ఫారాలకు గడువు రంజాన్ నెల చివరి శుక్రవారం. రంజాన్‌లో వంటమనుషులకు శుక్రవారం లేదు, శనివారం లేదు. మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడితే మళ్ళీ కూర్చునేది ఎప్పుడో. ఒక్కరు కూడా చర్చికి రాలేరు. పెంచల్‌ను అడిగాను, వ్యాన్‌లో మిష్రిఫ్ వైపు పోతావు కదా, ఈ ఫారాలు ఇచ్చి రమ్మని.

"మేయ్, నేను సెక్రటరీని. ఫారాలు పంచే చెయ్యి, తీసుకునే చెయ్యి ఒకటే అయితే ఊరుకుంటారా? దేవదానం సార్ మొగం నేనెట్ల చూసేది?"

ఒళ్ళు మండింది గానీ ఆ మాటలో న్యాయం ఉంది. గురమ్మక్కకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆమె పొయ్యి మీద ఏదో కలుపుతూనే విన్నది. గరిటె చప్పుడు ఆగింది.

"అమ్మీ, పొద్దుగూకే ముందర హరీస్ గిన్నెలు పోతాయి గదా?"

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక ఎగిరి గంతేశాను. రంజాన్‌లో ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఉపవాసం విడిచే వేళకు ముందు ప్రతి ఇంటి నుంచీ పక్కిళ్ళకు ఏదో ఒక వంటకం పంపుతారు. హరీస్ అంటే గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించింది, అది లేకుండా రంజాన్ లేదు. ఆ గిన్నెలను మోసుకుపోయేది ఎవరు? మావాళ్ళే. ఈ ఇంటి వెనక తలుపు నుంచి ఆ ఇంటి వెనక తలుపుకు. గిన్నె కింద పళ్ళెం, పళ్ళెం కింద గుడ్డ. ఆ గుడ్డ మడతలో ఒక కాగితం పట్టదా?

రంజాన్‌లో మా పని రెండు గంటలకే అయిపోతుంది. మరుసటి రోజు అరవై ఫారాలు, పది పెన్నులు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మిష్రిఫ్ వీధుల్లో ఆ వేళ పిట్ట కూడా ఎగరదు. గురమ్మక్క వెనక తలుపు సందులోంచి సంచి లాక్కుంది.

"ఏ పేరు రాయల్ల?" అని గుసగుసగా అడిగింది.

"చర్చి కాగితం గదక్కా. చర్చి పేరే రాయండి" అన్నాను. ఆ మాట నన్ను ఎంత ఏడిపించబోతోందో నాకేం తెలుసు!

ఇక చూడాలి ఆ నాలుగు రోజులు! ఫోనులో సందేశాలే సందేశాలు. మూడో బ్లాకుకు చేరింది. మసీదు పక్క వీధిలో నలుగురు పెట్టారు. ఒక ఇంట్లో మావాళ్ళెవరూ లేక గొలుసు తెగబోతే, ఆ ఇంట్లో చేసే రాజమణి అందుకుంది. ఆమెది జగిత్యాల, పక్కా హిందువు, మా సంఘానికీ ఆమెకూ సంబంధమే లేదు.

"నాకెందుకమ్మా మీ చర్చి ఓట్ల లొల్లి? అయినా ఇయ్యిన్రి, పట్కపోత. ఉన్న ఒక్క సెలవు గుంజుకుంటే ఎట్లుంటదో నాకెర్కలేదా?" అన్నదట. ఆ ఒక్క రాజమణి చేతి మీదుగా పదకొండు ఫారాలు దాటాయి.

అయిదో రోజు గురమ్మక్క ఫోను.

"మా మామా చూసేసింది అమ్మీ. గిన్నె సర్దుతాంటే కాయితం జారి కింద పడె. 'షినూ హాదా?' అనింది. ఏందిదీ అని. నా పై పానం పైనే పోయె. అబద్ధం చెప్పే తెలివి గూడా రాలే. చర్చిలో ఓట్లు మామా, మా సెలవు రోజు మారుస్తాండారు, ఓటు కావల్లంటే ఇది రాయల్ల అని చెప్పేసినా."

"ఏమనింది?"

"శానా సేపు ఆ కాయితాన్ని తిప్పితిప్పి చూసె. ఈ దేశంలో మా ఆడోళ్ళకు గూడా ఓటు ఊరికే రాలేదు గురమ్మా, నేను గూడా ఎండలో నిలబడినా ఆ పొద్దు, అనింది. పెన్ను తెచ్చిచ్చె. సమావేశం ఎప్పుడో చెప్పు, డ్రైవర్ను ఇచ్చి పంపుతా అనింది."

గడువు రోజున యాభైనాలుగు ఫారాలు నా చేతిలో ఉన్నాయి. కొన్నిటికి నెయ్యి మరకలు, ఒకదాని అంచుకు గోధుమ ముద్ద ఎండి అతుక్కుని ఉంది. వాటికి తోడు ముందు వరుసల భార్యల ఫారాలు ఇరవై. దేవదానం గారి భార్య కూడా చల్లగా వచ్చి ఒకటి అడిగి తీసుకుంది, నేను పెదవి విప్పలేదు. అన్నీ కలిపి మా ఆయన ముందు పెట్టాను.

"సెక్రటరీ గారూ, ముట్టినట్టు రాసియ్యండి."

ఆయన నా మొహం చూశాడు, ఫారాలు చూశాడు, ఒక్కొక్కటీ ఎంచి తేదీ వేసి రాసిచ్చాడు. వేళ్ళకంటిన నెయ్యి తుడుచుకోలేదు.

రెండు రోజులకు కమిటీ కూర్చుంది. ఫారాలు తెచ్చినదాన్నని నన్నూ పిలిచారు. కాంపౌండు గేటు దగ్గర సెక్యూరిటీ కోసం అందరి సివిల్ ఐడీ పేర్లతో ఒక పట్టీ ఉంటుంది. దేవదానం గారు ఆ పట్టీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క ఫారం సరిచూస్తున్నారు. చూసినకొద్దీ ఆయన కుడిచేతి వైపు దొంతి పెరుగుతోంది.

"కరుణమ్మ అని ఉంది. పట్టీలో కరుణమ్మ లేదు. సువార్తమ్మ లేదు. ఈ దీవెనమ్మ ఎవరు?"

గురమ్మక్కకు బాప్తిస్మంలో పెట్టిన పేరు కరుణమ్మ. ఇక్కడి ఇఖామా కార్డులో మాత్రం గురమ్మే. మా వైపు అందరికీ ఇంతే, పాస్‌పోర్టుకు అమ్మానాన్న పెట్టిన పేరు, గుడికి గుడి పేరు. నాకూ అంతే, గోడౌన్‌లో వెంకటేశ్వరిని, ప్రభువు బల్ల దగ్గర కృపమ్మను. రెండు పేర్లతో బతకడం మాకెంత అలవాటంటే, అది ఇంకొకరికి వింతగా ఉంటుందని నాకు తోచనే లేదు. చర్చి పేరే రాయమని చెప్పింది నేను. గడువు దాటిపోయింది, మళ్ళీ రాయడానికి లేదు.

"నా మీద కోపం తెచ్చుకోకమ్మా" అన్నారు దేవదానం గారు మెత్తగానే. "రేపు ఎవరో దారినపోయే మనిషి వచ్చి నేనే కరుణమ్మనంటే మనమేం చెయ్యాలి? నలభైతొమ్మిది ఫారాలు చెల్లవు. దానియేలూ, ఈ లిస్టు కింద సంతకం పెట్టవయ్యా."

పెంచల్ పెన్ను తీశాడు. నేను తల దించుకున్నాను. ఏం చేస్తాడు పాపం, సెక్రటరీ మరి. కాగితం చప్పుడు కాలేదు, రిజిస్టరు తెరిచిన చప్పుడైంది. చూస్తే ఆయన స్కేలు పెట్టి ఇరవైమూడో నంబరు మీద నిదానంగా గీత గీస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"నా సివిల్ ఐడీలో దానియేలు లేడు సార్. పెంచలయ్య అని ఉండాది. రూలు అందరికీ ఒకటే గదా." పెన్నుకు మూత పెట్టాడు. "రోల్లో లేని మనిషి సెక్రటరీగా ఉండేదానికి లేదు. సంతకం నేనెట్ల పెడతా?"

రిజిస్టరు బల్ల మీద వదిలేసి బయటికి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వ్యాన్ ఎక్కాక ఆయన అన్నది ఒకటే మాట, ఆకలవుతోంది, ఏమన్నా తిందాం అని.

ఆ సాయంత్రం ఆయనే పచ్చ అట్ట పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆర్చ్‌డీకన్‌కు అప్పీలు చేసుకోవచ్చన్న పేజీ నేను చూపించాను. మట్టల ఆదివారానికి ఆయన ఎలాగూ వస్తున్నారు, సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. ఇద్దరం చాప మీద కూర్చుని ఉత్తరం రాశాం. నేను చెప్పడం, ఆయన రాయడం, ఇద్దరం కొట్లాడుకుని కొట్టెయ్యడం. కానీ ఉత్తరానికి రుజువులు కావాలి.

ఇక మా ఊళ్ళకు ఫోన్లు! నందలూరు, పుల్లంపేట, ఓబులవారిపల్లె, కోడూరు. ఏ ఊరి పాస్టరు అయ్యగారు ఎక్కడున్నా వదల్లేదు. పాత బాప్తిస్మం రిజిస్టర్లలో పేరు పక్కన పాత పేరు కూడా రాసి ఉంటుంది. గుళ్ళో బీరువాలు తెరుచుకున్నాయి, దుమ్ము దులిపారు, ఫోటోలు తీశారు. గోడౌన్‌లో నా ఫోను టింగుమన్నప్పుడల్లా పక్కనున్న ఆడవాళ్ళు "ఎవురిది, ఎవురిది?" అని ఎగబడేవాళ్ళు. *గంగమ్మ అను సువార్తమ్మ. వెంకటసుబ్బమ్మ అను దీవెనమ్మ.* ఒక్కొక్కటి వస్తుంటే పండగే.

నలభైఎనిమిది వచ్చాయి. రానిది గురమ్మక్కది. ఆ ఏటి రిజిస్టరును చెదలు తినేశాయట. చివరికి ఆ గుడి పాత అయ్యగారు, ఎనభై దాటిన మనిషి, మనవరాలి చేత వీడియో తీయించి పంపాడు. మంచం మీద కూర్చుని కెమెరాకు రెండు చేతులూ చూపిస్తూ, "ఈ చేతులతోనే దాని నెత్తిన నీళ్ళు పోసినా. గురమ్మే కరుణమ్మ. దాని నవ్వు నాకు తెలీదా?" అంటున్నాడు. ఆ వీడియో పదిసార్లు చూశాను.

మట్టల ఆదివారం ముందరి శుక్రవారం. హాలు కిటకిటలాడింది. మిష్రిఫ్ నుంచి ముగ్గురూ నలుగురూ కలిసి టాక్సీల్లో దిగారు. గురమ్మక్క మాత్రం పెద్ద నల్లకారులో దిగింది, డ్రైవరు జమీర్ తలుపు తీశాడు కూడా. ఆర్చ్‌డీకన్ గారు పొడుగాటి తెల్లాయన, ఎండకు మొహం ఎర్రబడి ఉంది. ఆయన ఇంగ్లీషులో చెప్పింది మా సంఘం అయ్యగారు తెలుగులో చెప్పారు.

"దేశం మిమ్మల్ని కార్డు మీద పేరుతో గుర్తుపడుతుంది. సంఘం మిమ్మల్ని బాప్తిస్మంలో పిలిచిన పేరుతో గుర్తుపడుతుంది. వార్డెన్ గారి అనుమానం సబబే, దానికి రుజువులు వచ్చాయి, వీడియోతో సహా. గేటు పట్టీ గేటుకు మాత్రమే. ఫారాలన్నీ చెల్లుతాయి. దానియేలు పేరు కూడా."

వెనక వరుసల్లోంచి ఒక్కసారిగా హల్లెలూయా లేచింది. అయ్యగారు చెయ్యెత్తితే గానీ ఆగలేదు. మా ఆయన మళ్ళీ రిజిస్టరు ముందు కూర్చుని, భార్యలకు వేరే నంబర్లు వేసి, పేర్లు పిలిచాడు. ఇరవైమూడులో తను, ఇరవైనాలుగులో నేను.

చీటీల మీద ఓటింగ్ జరిగింది. ఆదివారానికి నలభైఒకటి. శుక్రవారానికి డెబ్బై. ముందు వరుసల నుంచి కూడా కొన్ని మాకు పడ్డాయన్నమాట. ఎవరివో నాకు తెలుసు, చెప్పను. దేవదానం గారి మొహం చిన్నబోయింది గానీ లేచి, "అందరూ ఎలా అంటే అలా అన్నాను, అలాగే" అని కూర్చున్నారు. మావాళ్ళు ఒకరినొకరు వాటేసుకుంటున్నారు, ఏడుస్తున్నారు, కొందరు వంట పాత్రల వైపు అప్పుడే లేచారు. అయిపోయిందనుకున్నాం.

"ఇంకో అంశం ఉంది" అన్నారు ఆర్చ్‌డీకన్ గారు. "సినడ్‌కు మీ ప్రతినిధి."

మూడు దఫాలుగా దేవదానం గారే వెళ్తున్నారు, పోటీ ఎప్పుడూ లేదు. దాచుకోవడం ఎందుకు, ఆ పచ్చ పుస్తకంలో సినడ్ పేజీ చదివిన రోజు నుంచీ నాకు లోపల ఒక ఆశ ఉంది. బస్సులెక్కింది నేను, ఉత్తరం చెప్పి రాయించింది నేను. ఎవరో ఒకరు నా పేరు ఎత్తుతారనుకున్నాను. గురమ్మక్క లేచి నిలబడేసరికి ఎత్తేసిందనే అనుకుని పైట సవరించుకున్నాను.

"నేను పోతా" అంది గురమ్మక్క.

ముందు వరుసలోంచి ఎవరో అడిగారు, ఎగతాళిగా కాదు, నిజంగానే: "పాస్‌పోర్టు మీకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరుంటుంది కదమ్మా. వేరే దేశంలో సభ. సెలవో? భాషో? ఎలా పోతావు?"

"అది నేను చూసుకుంటా సార్. మా మామాతో నేను మాట్లాడుకుంటా. మీరు ఓటెయ్యండి."

నా గుండెలో ముల్లు దిగినట్టయింది. నన్ను ఒక్క మాట అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. ఆర్చ్‌డీకన్ గారు హాలంతా కలియజూసి, బలపరిచేవారు ఎవరో తమ పేరు చెప్పి చెయ్యెత్తమన్నారు. ఒకరు బలపరచకపోతే పేరు నిలవదు. వెనక వరుసలవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు, నేను ఎత్తితే ఎత్తుదామని. పెంచల్ కూడా పెన్ను పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆయనకు నా ఆశ తెలుసు, ఆయన ఒక్కడికే తెలుసు.

చెయ్యి ఒళ్ళో బండలా పడి ఉంది. ఎంతసేపు పడి ఉందో నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు వెనక వరుసలో నిలబడిన మనిషి ఇంకా నిలబడే ఉంది, నడుము నిటారుగా పెట్టుకుని, ఎవరినీ బతిమాలకుండా.

"కృపమ్మ" అన్నాను, హాలు చివరిదాకా వినపడేలా, చెయ్యి పైకెత్తి. "నేను బలపరుస్తాండా."